లిథువేనియా వాళ్లు రష్యన్లేనా?

ప్రశ్న: అన్నా, సెప్టెంబర్‌లో కౌనస్‌లో ఇంజినీరింగ్‌లో చేరుతున్నాను. అక్కడి వాళ్లు రష్యన్లేనా? రష్యన్ కొంచెం నేర్చుకుని వస్తే నెట్టుకురావచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ మాట మాత్రం అక్కడ ఎవరి దగ్గరా అనకు. లిథువేనియన్లు రష్యన్లు కారు, అసలు రష్యన్లు, పోలిష్ వాళ్లు ఉండే స్లావ్ జాతే కాదు. వాళ్లు బాల్ట్‌లు. బాల్టిక్ భాషా కుటుంబంలో ఇవాళ మిగిలిన భాషలు రెండే: వీళ్ల లిథువేనియన్, పొరుగున లాట్వియన్. అదే కుటుంబంలోని పాత ప్రష్యన్ 18వ శతాబ్దం మొదట్లోనే అంతరించిపోయింది.

భాష మీద వాళ్లకంత ప్రాణం ఎందుకో తెలియాలంటే కౌనస్‌లో యుద్ధ మ్యూజియం తోటకి వెళ్లు. వీపున పుస్తకాల మూట మోస్తున్న మనిషి విగ్రహం ఉంటుంది. 1864 నుంచి 1904 దాకా, నలభై ఏళ్లు, లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకం అచ్చు వేయకూడదని అప్పట్లో ఆ దేశాన్ని ఏలిన రష్యా చక్రవర్తి (జారు) ప్రభుత్వం నిషేధించింది. జనం ఊరుకోలేదు. పొరుగున జర్మన్ల ఏలుబడిలోని ప్రష్యాలో అచ్చు వేయించి, దొంగచాటుగా సరిహద్దు దాటించి ఇంటింటికీ చేర్చారు. దొరికినవాళ్లని సైబీరియాకి పంపారు. అలా నిలబెట్టుకున్న భాష అది. 1940లో సోవియట్లు ఆక్రమించుకున్నాక మళ్లీ సైబీరియా రైళ్లు. 1990 మార్చి 11న స్వాతంత్ర్యం తిరిగి ప్రకటించుకుంటే, మరుసటి జనవరి 13న రాజధాని విల్నియస్‌లో టీవీ టవర్ దగ్గర సోవియట్ సైన్యం జనం మీద పడింది. ఏటా ఆ రోజు పొద్దున ఎనిమిదికి కిటికీల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. నువ్వూ ఒకటి వెలిగించు.

అలాగని అక్కడ కనబడే ప్రతివాళ్లూ లిథువేనియన్లే అనుకోకు. 2021 జనాభా లెక్కల్లో నూటికి 85 మంది దాకా లిథువేనియన్లు, ఆరున్నర మంది పోలిష్ వాళ్లు, ఐదుగురు రష్యన్లు. విల్నియస్ చుట్టుపక్కల పోలిష్ ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడి షల్చినింకై ప్రాంతంలో అయితే వాళ్లదే మెజారిటీ. త్రకాయ్ అనే ఊళ్లో కరాయిమ్‌లని ఓ చిన్న సమాజం ఉంది, టర్కిక్ మూలాల వాళ్లు. 14వ శతాబ్దం చివర్లో వీతౌతాస్ అనే రాజు క్రిమియా వైపు నుంచి తెచ్చి స్థిరపరిచాడు. వాళ్ల కిబినాయ్, మన కర్జికాయ ఆకారంలో ఉండే మాంసం పఫ్, అక్కడే తినాలి. యూదుల సంగతి చెప్పాలంటే మనసు ఒప్పుకోదు. విల్నియస్‌ని ఉత్తరాది జెరూసలేం అనేవాళ్లు. నాజీలు, వాళ్లకి తోడైన స్థానికులు కలిసి దేశంలోని యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా చంపేశారు.

రష్యన్ సంగతి: పెద్దవాళ్లలో చాలామందికి వచ్చు, కానీ నువ్వుగా మొదలెట్టకు. ముందు "లాబా దియెనా" (నమస్కారం లాంటి పలకరింపు) అని పలకరించు, ఇంగ్లిష్‌లో అడుగు. వాళ్లే రష్యన్‌లోకి దిగితే అప్పుడు నీ ఇష్టం. యూనివర్సిటీలో లిథువేనియన్ కోర్సు పెడితే మొదటి సెమిస్టర్‌లోనే చేరిపో.