చీకటి బొమ్మలు వేసే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

రాత్రి, భయం, మృత్యువు అనే విషయాల మీద ఏర్పాటవుతున్న సామూహిక ప్రదర్శనకు నీ చిత్రాలు ఎంపికయ్యాయనీ, అదే బృందం తమంతట తాము అచ్చువేసి తీసుకువస్తున్న చిన్న పత్రికకు, అంటే ఫ్యాన్‌జీన్‌కు కూడా బొమ్మలు అడిగారనీ రాశావు. చాలా సంతోషంగా ఉంది. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలని అడిగావు కనుక, వారపత్రికల్లో క్షుద్ర సీరియళ్లకూ దెయ్యాల కథలకూ ఏళ్ల తరబడి బొమ్మలు వేసిన దానిగా నాకు తెలిసినంత రాస్తున్నాను. చీకటి నిండిన బొమ్మకు అసలు పరీక్ష నీ బల్ల దాటాక, అచ్చులోనూ గోడ మీదా ఎదురవుతుంది. కాబట్టి మొదటి గీత గీయకముందే ఆ రెండు చోట్లనూ మనసులో పెట్టుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా దాదాపు దీని గురించే.

అంతకంటే ముందు వస్తువు సంగతి. ఇలాంటి ప్రదర్శనల్లో పుర్రెలు, కాకులు, కొవ్వొత్తులు, పాడుబడిన చర్చిలు విరివిగా కనిపిస్తాయి. ఆ బొమ్మలకు ఒక పుట్టిల్లు ఉంది. మెక్సికోలో హోసే గ్వాదలూపే పోసాదా చెక్కిన అస్థిపంజరాలు మృతుల పండుగ రోజుల్లో చవక కాగితం మీద అచ్చయి వీధుల్లో అమ్ముడుపోయేవి. కొన్నవారికి ఆ ఎముకల వెనక ఉన్న ఎగతాళి ఎవరి మీదో వెంటనే తెలిసేది. మనం వాటిని అరువు తెచ్చుకున్నప్పుడు రూపం వస్తుంది కానీ ఆ ఎరుక రాదు. మన పిల్లలందరూ చూసిన చీకటి బొమ్మ ఒకటుంది: 'చందమామ'లో బేతాళ కథలకు శంకర్ గారు వేసినది. శ్మశానం, చేతిలో కత్తి, భుజం మీద శవం. ఆ బొమ్మను మళ్లీ తీసి నిదానంగా చూడు. విక్రమార్కుడు బెదరకుండా నడుస్తూ ఉంటాడు. అతనికి లేని భయమంతా చూసేవాడికి సంక్రమిస్తుంది. భయపడుతున్న మొహాన్ని గీయడం కంటే అది ఎంతో కష్టమైన పని, ఎంతో బలమైన పని కూడా. నీ ఊళ్లో, నీ ఇంట్లో నిన్ను నిజంగా వెనక్కి తిరిగి చూసేలా చేసినదేమిటో ఆలోచించుకుని అక్కడినుంచి మొదలుపెట్టు.

ఈ పనిలో మరొక వైపు ఉంది, దానిని తేలికగా తీసుకోకూడదు. చీకటి అనగానే ఇతరుల బాధ చేతికందే వస్తువవుతుంది. 1943లో బెంగాల్ కరువు రోజుల్లో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ జిల్లాలో తిరిగి, ఆకలితో పడి ఉన్న మనుషులను సిరాతో గీసి, తాను చూసినది వారి పక్కన కూర్చుని రాసుకున్నట్టే రాసి పుస్తకంగా తెచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను స్వాధీనం చేసుకుని నాశనం చేసింది. ఆ బొమ్మల్లో భయంకరమైనవి ఉన్నాయి, కానీ ఒక్కటి కూడా చూసేవారి ఒళ్లు జలదరింపజేయడం కోసం వేసినట్టు అనిపించదు. కాబట్టి వార్తల్లో వచ్చిన ప్రమాదపు ఫొటోనో, ఆత్మహత్య చేసుకున్నవారి ముఖాన్నో ఆధారంగా పెట్టుకుని బొమ్మ వేయవద్దు. ఆ కుటుంబం ప్రదర్శనకు వస్తే నీ బొమ్మ ముందు నువ్వు నిలబడి మాట్లాడగలవా అన్నది నేను ఇప్పటికీ పెట్టుకునే ప్రశ్న. శరీర హింస, ఆత్మహత్య వంటివి వస్తువులైతే ద్వారం దగ్గరే ముందుమాటగా ఒక సూచన పెట్టమని నిర్వాహకులను అడుగు. పిల్లలు నడిచే దారిలో కాకుండా లోపలి గోడకు తగిలించమని చెప్పు. దానివల్ల నీ బొమ్మ విలువ ఏమీ తగ్గదు.

ఇక నలుపు గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే కొత్తవాళ్ల బొమ్మలు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. తెర మీద గీస్తున్నప్పుడు వెలుగు వెనకనుంచి వస్తుంది కనుక, ముదురు నీలానికీ నలుపుకూ మధ్య ఉన్న చిన్న తేడా కూడా కళ్లకు తెలుస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. మ్యాప్‌లిథో వంటి పూత లేని కాగితం సిరాను పీల్చి చుక్కలను పెద్దవి చేస్తుంది; నువ్వు యాభై శాతం బూడిదరంగు అనుకున్నది అచ్చులో డెబ్బై శాతం దాకా కనిపించవచ్చు, డెబ్బై అనుకున్నది నలుపులో కలిసిపోవచ్చు. అందువల్ల నీడల్లో దాచిన వివరాలను, అంటే గోడ మీది పగుళ్లనో చీకట్లో ఉన్న చేతినో, నీకు అవసరమనిపించిన దానికంటే ఒక మెట్టు ఎక్కువ వెలుగులో ఉంచు. మొదట అగ్గిపెట్టె అంత చిన్న బొమ్మలో తెలుపు, బూడిద, నలుపు మూడింటితోనే కూర్పు సరిచూసుకో. ఆ చిన్నదానిలో ఆకారం తెలియకపోతే పెద్దదానిలో ఎన్ని గీతలు వేసినా అది తేరుకోదు. 1919లో ఎడ్గార్ అలన్ పో కథలకు ఐర్లండ్ చిత్రకారుడు హ్యారీ క్లార్క్ వేసిన నలుపు తెలుపు బొమ్మలు దొరికితే అధ్యయనం చెయ్యి. ఆయన రంగుటద్దాల కిటికీలు చేసిన మనిషి. పేజీలో పెద్ద భాగం నలుపుగా వదిలినా, ముఖాల చుట్టూ, బట్టల అంచుల వెంట సన్నని తెల్లని నగిషీ వదిలి, మన చూపు ఎక్కడ ఆగాలో ఆయనే నిర్ణయిస్తారు.

మా రోజుల్లో బొమ్మను అచ్చు వేయడానికి జింకు రేకుతో బ్లాకులు చేయించేవారు కనుక గీత, చుక్క తప్ప మరొకటి నిలబడదని ముందే తెలిసి గీసేవాళ్లం. నీకు ఆ నిర్బంధం లేదు, కానీ జీన్‌కు వేసేటప్పుడు దానిని నీకు నువ్వే విధించుకుంటే మంచిదని నా అభిప్రాయం. గీతల బొమ్మను బూడిదరంగులు లేని బిట్‌మ్యాప్‌గా, 1200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) ఇవ్వు. ఛాయలున్న బొమ్మకు అచ్చు కొలతలో 300 డీపీఐ చాలు. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులతో వేస్తున్నప్పుడు సన్నని గీతలనూ అక్షరాలనూ ఒక్క నలుపు ప్లేటులోనే (ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు రేకు ఉంటుంది) ఉంచు, లేకపోతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్రని, నీలపు అంచులు వస్తాయి. విశాలమైన నల్లని ప్రదేశాలకు మాత్రం మిగతా రంగులు కొద్దిగా కలిపితే నలుపు చిక్కబడుతుంది. అయితే నాలుగు రంగుల మొత్తం ఎంత శాతం దాటకూడదో ప్రెస్సువారిని అడిగే కలుపు, పరిమితి దాటితే సిరా ఆరక వెనక పేజీకి అంటుకుంటుంది. రీసో అనే నకళ్లు తీసే యంత్రంలో వేస్తున్నారంటే ఇంకా జాగ్రత్త అవసరం. ఆ యంత్రంలో ఒక్కో రంగుకు ఒక్కో డ్రమ్ము ఉంటుంది, సిరా కాగితంలోకి ఇంకుతుందే తప్ప పూర్తిగా గట్టిపడదు, కాబట్టి పేజీ నిండా నలుపు వేస్తే చదివేవారి వేళ్లకు అంటుతుంది, రోలర్ల మరకలూ పడతాయి. ఆ నలుపును గీతల అల్లికగా మార్చు. చీకటి తగ్గదు, పైగా ఊపిరి పోసుకుంటుంది.

కూర్పులో మరచిపోయేవి రెండు చెబుతాను. సెంటర్ పిన్ను వేసే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, కాబట్టి నీ వాటా ఎక్కడ పడుతుందో సంపాదకులను ముందే అడిగి తెలుసుకో. అంచుదాకా నలుపు ఉన్న పేజీకి చుట్టూ కనీసం మూడు మిల్లీమీటర్లు అదనంగా గీయకపోతే, కోత కొంచెం తప్పినా తెల్లని గీత బయటపడి రాత్రి బొమ్మంతా చెడిపోతుంది.

ఫ్యాన్‌జీన్ అనే మాట 1940లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల మధ్య పుట్టింది. 1976లో లండన్‌లో పంక్ సంగీతాభిమానులు టైపు కొట్టి, చేత్తో శీర్షికలు రాసి, జిరాక్సు తీసి పంచుకున్నప్పటి నుంచి ఆ రూపానికి ఒక తిరుగుబాటు ముఖం వచ్చింది. మన లిఖిత పత్రికలూ సైక్లోస్టైల్ పత్రికలూ తెలిసినవారికి ఈ ఉత్సాహం కొత్తది కాదు. నాకు ఇందులో నచ్చేది ఎవరి అనుమతీ అవసరం లేకపోవడం. కానీ ఆ స్వేచ్ఛ పేరుతో లెక్కలూ ఒప్పందాలూ నోటిమాటగా మిగిలిపోవడం మాత్రం నచ్చదు. ఎన్ని ప్రతులు వేస్తున్నారు, చిత్రకారులకు ఎన్ని ఇస్తారు, ఖర్చులు పోగా మిగిలితే ఎవరికి చెందుతుంది, రెండో ముద్రణకు మళ్లీ అడుగుతారా, డిజిటల్ ప్రతి అమ్ముతారా అన్నవి ఒక్క మెయిల్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకో. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం. అదే చట్టంలో, డబ్బు ఇచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకుంటే వేయించుకున్నవారు తొలి హక్కుదారులు కావచ్చు. కనుక పారితోషికం ఇస్తున్నప్పుడు హక్కులు నీవేనన్న ఒక్క వాక్యం తప్పక రాయించు. జీన్ ఏదైనా సినిమాకో ఆనిమేకో అభిమానులు వేస్తున్నదైతే ఆ పాత్రల హక్కులు వేరొకరివి. 'లాభం కోసం కాదు' అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. అందుకే నీ సొంత పాత్రలతో వేయడమే మేలని నా సలహా.

గోడ మీదికి వచ్చేసరికి అద్దమే మొదటి శత్రువు. లేత రంగుల చిత్రం మీద కనిపించని ప్రతిబింబం నల్లని చిత్రం మీద నిలువెత్తున కనిపిస్తుంది. నీ బొమ్మ ముందు నిలబడినవారు తమ చొక్కానూ ఎదుటి ట్యూబ్‌లైటునూ చూసుకుని వెళ్లిపోతారు. వీలైతే ప్రతిబింబం తగ్గించే అద్దం తీసుకో, ఖరీదెక్కువే. వీలుకాకపోతే ఎదురుగా కిటికీ లేని గోడ అడుగు. దీపాన్ని పైనుంచి ఏటవాలుగా, నిలువుకు ముప్పై డిగ్రీల వంపులో పెట్టించు. బొగ్గుతో వేసిన చిత్రానికి అద్దానికి బదులు యాక్రిలిక్ ప్లాస్టిక్ పలక వాడవద్దు, దాని స్థిర విద్యుత్తు బొగ్గుపొడిని లాగేసుకుంటుంది. చిత్రానికీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు (చిత్రం చుట్టూ పెట్టే అట్ట) మందమైనా ఖాళీ ఉంచు, ఆ బోర్డు ఆమ్లరహితమైనది కావాలి. మన వానాకాలపు తేమలో అద్దానికి అంటుకున్న కాగితం బూజు పట్టడం నేను చాలాచోట్ల చూశాను. కాగితం మీది చిత్రాలకు మ్యూజియంలు 50 లక్స్ (వెలుగు కొలత) మించని వెలుగు పాటిస్తాయి. చీకటి చిత్రాలు చూడడానికి అది సరిపోదని నిర్వాహకులు పెద్ద దీపాలు పెడితే, మార్కర్లతో వేసినవి ముందుగా వెలిసిపోతాయని గుర్తుపెట్టుకుని, అసలు పని వెలిసిపోని ఇండియన్ ఇంకుతో చెయ్యి. చిత్రం మధ్యభాగం నేలనుంచి 145, 150 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలామందికి సౌకర్యంగా ఉంటుంది.

ధర విషయంలో మొహమాటపడకు. గ్యాలరీ కమీషన్ ఎంతో, ఫ్రేము ఖర్చు ఎవరిదో, అమ్ముడుపోని చిత్రం తిరిగి చేర్చే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకుని, కమీషన్ పోగా నీకు గిట్టే ధర రాయి. ప్రింట్లు ఇస్తే ఎన్ని తీస్తున్నావో ఒకసారి రాసిన సంఖ్యను మళ్లీ పెంచకు. ఇంతటి నల్లని బొమ్మలు ఎవరు కొంటారన్న దిగులు నీ ఉత్తరంలో ఉంది. 1799లో స్పెయిన్ చిత్రకారుడు గోయా, రాగిరేకు మీద ఆమ్లంతో గీతలు తీసి అచ్చువేసే ఎచింగులు ఎనభై ఉన్న సంపుటిని తానే అచ్చు వేయించి, మాడ్రిడ్‌లో తన ఇంటి వీధిలోని అత్తర్లూ మద్యమూ అమ్మే దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. కొద్ది సంపుటాలే పోయాయి, త్వరలోనే వెనక్కి తీసుకున్నాడు, 1803లో ఆ రాగిరేకులను రాజుకు అప్పగించాడు. రాక్షసులనూ మంత్రగత్తెలనూ అడ్డంపెట్టి తన కాలపు పెద్దలను ఎండగట్టిన ఆ బొమ్మలు నేడు ప్రపంచమంతటా ప్రదర్శనలకెక్కుతున్నాయి. అమ్మకం తక్కువైనంత మాత్రాన వస్తువు మార్చుకోకు. ధర, కొలత, కాగితం మార్చి చూడు. ప్రదర్శనలో పెద్ద చిత్రం కొనలేనివారు జీన్ కొంటారు, అందుకని ఆ రెండూ ఒకే బల్ల దగ్గర దొరికేలా అడుగు.

జీన్ పేజీలను నువ్వు వేయబోయే కాగితం మీదే జిరాక్సు తీసి, మడిచి, పిన్ను వేసి డమ్మీ చేసి నాకు పంపు. ఎదురెదురు పేజీల్లో నలుపులు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయో లేదో చూసి, ప్లేట్లకు వెళ్లకముందే రాస్తాను.

మీ అత్తయ్య