ప్రొమీథియా కామిక్‌లోని మంత్రవిద్య నిజంగా ఉన్నదేనా, కథ కోసం కల్పించిందా?

చాలావరకు నిజంగా ఉన్న సంప్రదాయాలదే. 1999 నుంచి 2005 వరకు 32 సంచికలుగా వచ్చిన ఈ కామిక్‌ని రాసింది అలన్ మూర్, బొమ్మలు వేసింది జె. హెచ్. విలియమ్స్. మూర్ తన 40వ పుట్టినరోజున, 1993లో, తాను మాంత్రికుణ్ణని ప్రకటించుకున్న మనిషి. కాబట్టి ఇది పైపైన అద్దిన రంగు కాదు.

సోఫీ అనే కాలేజీ అమ్మాయి ప్రొమీథియా గురించి కవిత రాస్తూ తానే ఆ దేవతగా మారిపోతుంది. ఊహకే ప్రాణం పోయగల శక్తి ఉందన్నది కథకు మూలం. 12వ సంచిక తర్వాత ఆమె కబ్బాలా (యూదుల మార్మిక సంప్రదాయం) జీవవృక్షంలోని ఒక్కో లోకం ఎక్కుతూ పోతుంది. లోకం మారితే పేజీ రంగులూ, గీత తీరూ మారతాయి. అక్కడ చాలామందికి విసుగొచ్చి వదిలేశారు, కానీ నాకు అదే ఇష్టమైన భాగం.

12వ సంచిక ఒక్కటి చాలు. అందులో జోస్యం చెప్పడానికి వాడే 22 టారో కార్డుల మీదుగా సృష్టి చరిత్ర సాగుతుంది. ప్రతి పేజీలో స్క్రాబుల్ అనే పదాల ఆటలోని అక్షరాల బిళ్ళలు ప్రొమీథియా పేరులోని అక్షరాలనే అటూఇటూ మార్చి కొత్త మాటలు పేరుస్తాయి. కింద అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లీషు మాంత్రికుడు పేజీ పేజీకీ వయసు పెరుగుతూ ఒకే జోకు చెబుతుంటాడు. మొదటిసారి ఒక్క వరసనే పట్టుకుని చదవండి, తర్వాత మిగతావి.

చివరి సంచిక పేజీలు విడదీసి పక్కపక్కన పరిస్తే రెండు వైపులా పెద్ద పోస్టర్ అవుతుంది. విడి సంచిక దొరికితే మాత్రం చింపకండి!