బోటు సంగతి తర్వాత, ముందు క్లబ్బులో చేరు

సందేహం: అన్నయ్యా, మాది గజపతి జిల్లా కాశీనగర్. డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో కొందరు బాస్ అనే చేపను గాలంతో పట్టే పోటీలకు వెళ్తున్నారు. వంశధారలో గాలం వేసిన చేతులు ఊరుకుంటాయా! బోటు కొనేయమంటారా?

జవాబు: తమ్ముడూ, మాది బరంపురం. తంపరా సరస్సు గట్టున పెరిగినవాణ్ని కాబట్టి నీ దురద నాకు తెలుసు. కానీ బోటు జోలికి ఇప్పుడే పోకు. కొత్త బాస్ బోట్లలో లక్ష డాలర్లు దాటినవి ఉన్నాయి. దాన్ని లాగే బండి, పెట్టుకునే చోటు అదనం.

దగ్గర్లోని క్లబ్బులో చేరి కో-యాంగ్లర్‌గా పేరివ్వు. బోటు ఇంకొకరిది. ఆయన ముందు నిలబడతాడు, నువ్వు వెనక. ఎటు పోవాలో ఆయనిష్టం, ఆయన వేసి వదిలేసిన చోటే నీకు దక్కేది. చిరాకుగానే ఉంటుంది. అయితే ఎర ఎప్పుడు మార్చాడో, ఎందుకు మార్చాడో పక్కనుంచి చూసి నేర్చుకోవచ్చు. పెట్రోలులో వాటా ఇవ్వడం మర్యాద.

టెక్సాస్‌లో ఆరు నెలలు దాటితేగానీ స్థానికుల ధరకు చేపలు పట్టే లైసెన్సు రాదు. అంతవరకు బయటివాళ్ల ధరే.

ఇక చేప. లార్జ్‌మౌత్ బాస్ బుద్ధి మన కొర్రమేనుదే. గడ్డి చాటునో, మునిగిన మోడు పక్కనో నక్కి ఉండి మీద పడుతుంది. గుడ్లు పెట్టిన గూటికి మగచేప కాపలా కాస్తుంది. అందుకే నడి చెరువులోకి కాదు, చాటు పక్కన వేయి. కాకపోతే ఎర్రలు, కప్పలు అంటే కుదరదు. చాలా బాస్ పోటీల్లో కృత్రిమ ఎరలే వాడాలి. ముందు టెక్సాస్ రిగ్ అని ఎర కట్టే తీరు ఒక్కటి పట్టు: ప్లాస్టిక్ పురుగు ఒంట్లోనే ముల్లు మొన దాగి ఉంటుంది, గడ్డికి తగులుకోదు.

మనవాళ్లకు మింగుడుపడనిది ఒకటుంది, పట్టిన చేపను కూరొండుకోరు. 1972 నుంచి బాస్ పోటీల నిర్వాహకుడు రే స్కాట్ తన పోటీల్లో చేపను బతికుండగా వదిలే పద్ధతి ప్రచారం చేశాడు. మామూలుగా ఐదు చేపల మొత్తం బరువే లెక్క. వాటిని బోటులోని నీళ్లతొట్టిలో బతికించి తేవాలి. చాలా పోటీల్లో చచ్చిన చేపకు బరువులో కోత పడుతుంది. టెక్సాస్ ఎండలో గాలం వేయడంకన్నా ఇదే కష్టం. ఐసు, గాలి పంపు చూసుకోవడం వెనకవాడి పని అనుకో. ఆ పని బాగా చేసేవాణ్ని బోటువాళ్లు మళ్లీ పిలుస్తారు.

గెలిచినవాణ్ని అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్ పరీక్షకు కూర్చోబెట్టే పోటీలున్నాయి. నవ్వకు. 2022లో ఎరీ సరస్సులో వాలై చేపల పోటీలో ఇద్దరు చేపల పొట్టల్లో సీసం గుళ్లు కుక్కి దొరికారు, జైలుకెళ్లారు. బహుమతి డబ్బుకు పన్ను కట్టాలన్నదీ గుర్తుంచుకో.

వెనక నిలబడటం నచ్చకపోతే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) పోటీలు చూడు. అక్కడ బరువుతో పని లేదు. కొలబద్ద పలక మీద చేపను పెట్టి, ఆ పోటీకి ఇచ్చిన గుర్తు కనిపించేలా ఫొటో తీసి వెంటనే వదిలేస్తావు. అంగుళాలు కూడతారు. పాత కయాక్, లైఫ్ జాకెట్, ఒక పలక ఉంటే మొదలుపెట్టొచ్చు.