పబ్లిక్ బోట్ ర్యాంప్‌కి పర్యావరణ అనుమతి ఎందుకంత ఆలస్యమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ స్థానిక సంస్థ సముద్ర తీరంలో అందరూ వాడుకునేలా ఒక బోట్ ర్యాంప్, అంటే బోట్లని ట్రైలర్ మీంచి నీళ్లలోకి దించే వాలు, కట్టాలనుకుంటోంది. స్థలం ఎంపికైంది, ఇంజనీరు డ్రాయింగులు కూడా ఇచ్చేశారు. ఇప్పుడేమో పర్యావరణ అనుమతికే ఏడాది పైన పట్టొచ్చంటున్నారు. ఒక కాంక్రీటు వాలుకి ఇంత తతంగం అవసరమా, త్వరగా రావాలంటే ఏం చేయాలి అని అడిగారు.

తీర నిర్మాణాలకు పర్యావరణ నివేదికలు తయారుచేయడం నా వృత్తి. జెట్టీలు, అలలను ఆపే గోడలు, ర్యాంపులు అన్నీ చూశాను. వీటిలో ర్యాంపు అన్నిటికన్నా చిన్నది, కానీ ఎక్కువగా చిక్కుల్లో పడేది కూడా అదే. చిన్న పనే కదా అని స్థలం, డ్రాయింగు రెండూ ఖాయం చేసుకున్నాక గానీ మా దగ్గరికి ఎవరూ రారు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. అనుమతి ఎంత త్వరగా వస్తుందన్నది చాలావరకు ఆఫీసులో తేలేది కాదు. ర్యాంపు నీళ్లలోకి దిగే ఆ కాస్త చోట అడుగున ఏముందో దాన్నిబట్టి తేలుతుంది. అందుకే డ్రాయింగు కంటే ముందు అడుగు చూడాలి.

తతంగం ఎందుకంటే, ర్యాంపు నేల మీద మొదలై, పోటు వచ్చినప్పుడు మునిగి ఆటు వచ్చినప్పుడు తేలే భాగాన్ని దాటి, ఎప్పుడూ నీళ్లలోనే ఉండే భాగంలో ముగుస్తుంది. ఈ మూడూ చాలా దేశాల్లో వేర్వేరు చట్టాల కిందికి వస్తాయి. భారత్‌లో 2019 నాటి కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం ఆటుపోట్ల మధ్య ఉన్న చోటుది ఒక తరగతి, ఆటు గీత నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఉన్న సముద్రానిది ఇంకో తరగతి. అక్కడే మడ అడవులో సముద్రపు గడ్డో తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకో ఉంటే అది అన్నిటికన్నా కఠినమైన 1-ఎ తరగతిలోకి వెళ్లిపోతుంది. అమెరికాలో నౌకాయానం సాగే నీళ్లలో ఏం కట్టాలన్నా 1899 నాటి నదులు, రేవుల చట్టం కింద, నీళ్లలో రాయీ కాంక్రీటూ వేయాలంటే 1972 నాటి స్వచ్ఛ జల చట్టం కింద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (సైన్యపు ఇంజనీరింగ్ విభాగం) అనుమతి కావాలి. ఇంగ్లండ్‌లో 2009 చట్టం ప్రకారం సగటు పెద్దపోటు గీతకి కింద చేసే పనికి మెరైన్ లైసెన్స్ తీసుకోవాలి. పేర్లు మారతాయి గానీ అందరూ అడిగేది ఒకటే: పోటు గీత ఎక్కడుంది, దాని కింద మీరు ఏం పూడుస్తున్నారు, అక్కడ ఇప్పుడు ఏం బతుకుతోంది?

చిన్న ర్యాంపులకు దగ్గరి దారి కూడా చాలాచోట్ల ఉంటుంది. అమెరికాలో బోట్ ర్యాంపుల కోసమే 36వ నంబరు దేశవ్యాప్త పర్మిట్ ఒకటుంది. వెడల్పు 20 అడుగులు, నీళ్లలో వేసే కాంక్రీటు, రాయి 50 ఘనపు గజాలు దాటకపోతే మామూలుగా విడిగా పెద్ద దరఖాస్తుతో పని ఉండదు. అయితే అందులో ఒక షరతుంది. చిత్తడి నేలలు, బురద మేటలు, నీటి మొక్కలున్న లోతు తక్కువ నీళ్లు, పగడపు దిబ్బలు, ఇలాంటి ప్రత్యేక చోట్లలో ఏమీ వేయకూడదు. మీ ర్యాంపు ఎంత చిన్నదైనా సరే, అడుగున గడ్డి ఉంటే దగ్గరి దారి మూసుకుపోయినట్టే. మీ ప్రాంతంలో నియమం వేరే కావచ్చు గానీ తర్కం ఇంతే ఉంటుంది.

అడుగు సర్వే అనగానే పెద్ద ఓడ, పెద్ద పరికరాలు ఊహించుకోకండి. ర్యాంపులు కట్టే చోట లోతు తక్కువే కదా. బాగా ఆటు ఉన్న పూట చూసుకుని దిగుతాం. పీవీసీ పైపులతో చేసిన చదరపు చట్రాన్ని అడుగున పరిచి, దాంట్లో గడ్డి ఎంత, ఇసుక ఎంత, ఆల్చిప్పలు ఎంత అని రాసుకుంటూ గీత వెంట ముందుకు వెళ్తాం. ఒడ్డున నిలబడి చూస్తే ఉత్త బురదే అనిపించే చోట మోకాళ్ల లోతుకి వెళ్లి చేత్తో తడిమితే, వేలెడు వెడల్పు కూడా లేని పొడుగాటి ఆకులు తగులుతాయి. ఒక ఆకుని నీళ్లున్న గిన్నెలో వేసి చూడండి. దాని మీద పలచటి నాచు పొర, ఆ పొరని గీకి తింటున్న గింజంత నత్తలు, నల్లటి కళ్లు మాత్రమే కనిపించే రొయ్య పిల్లలు. సముద్రంలో మనం పట్టుకుని తినే చేపల్లో చాలా రకాలు చిన్నప్పుడు తలదాచుకునేది ఇక్కడే. ఒక్క ర్యాంపు కోసం ఇంత గొడవా అని అడిగేవాళ్లని నేను వీలైతే ఒకసారి నీళ్లలోకి తీసుకెళ్తాను. ఆ తర్వాత నివేదికలో ఆ పేజీలు ఎందుకున్నాయో మళ్లీ వివరించాల్సిన అవసరం రాదు.

సర్వేకి కాలం కూడా ముఖ్యం. సముద్రపు గడ్డి ఏపుగా పెరిగే నెలల్లోనే దాన్ని కొలవాలి. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు చేసిన సర్వేలనే సరైనవిగా చూస్తారు. ఆకులు తగ్గిపోయిన కాలంలో వెళ్లి ఇక్కడేమీ లేదని రాసిస్తే పరిశీలించేవాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆలస్యాల్లో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుందని నా అనుభవం. సీజన్ అయిపోయాక దరఖాస్తు పెడతారు, సర్వే కావాలని జవాబు వస్తుంది, మళ్లీ సీజన్ వచ్చే వరకు అందరూ కూర్చోవాలి. ఫైలు తొక్కిపెట్టారని జనం అనుకుంటారు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో పరిస్థితి అచ్చం మీలాంటిదే. పార్కింగుకి వీలుగా ఉందని ఒక చదునైన స్థలం ఎంచుకున్నారు. సర్వేకి దిగితే ర్యాంపు చివర పడే చోట దట్టంగా గడ్డి ఉంది. పైగా బోట్లు తేలే లోతు అక్కడ లేదు. అంటే ర్యాంపుతో ఆగదు, లోతైన నీళ్ల దాకా కాలువ తవ్వాలి, ఏటా పూడిక తీయాలి. నిర్వహణ ఖర్చు సంగతి అటుంచి, ఒక్కసారి జరగాల్సిన నష్టం ఏటేటా జరిగే నష్టం అవుతుంది. అదే తీరంలో కొంచెం పక్కకి పాడుబడ్డ జెట్టీ ఒకటుండేది. దాని చుట్టూ అడుగు ఎప్పుడో చెదిరిపోయింది, లోతు కూడా ఉంది. అక్కడైతే పార్కింగ్ ఇరుకు, రోడ్డు కొంత వంకర. కొత్త డ్రాయింగులు గీయించాలంటే ఆ సంస్థ వాళ్లకి ప్రాణం మీదకొచ్చింది. చివరికి మార్చారు, గడ్డి మీద అభ్యంతరాలన్నీ ఒక్కసారిగా పోయాయి. మిగిలిన చర్చంతా పని ఎలా చేయాలన్న దాని మీదే నడిచింది.

అనుమతి ఇచ్చేవాళ్లు ఆలోచించే వరుస చాలా దేశాల్లో దాదాపు ఇదే: ముందు నష్టం తప్పించు, తప్పించలేనిదాన్ని తగ్గించు, అప్పటికీ మిగిలినదానికే పరిహారం. చాలామంది ఈ వరుసని తిరగేసి, 'గడ్డి పోతే పోయింది, ఇంకోచోట నాటిస్తాం' అంటూ మొదలుపెడతారు. నాటిన గడ్డి బతుకుతుందన్న భరోసా లేదు. మధ్యధరా సముద్రంలోని పొసిడోనియా లాంటి రకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. మనం ఒక వారంలో పీకేసిన దాన్ని తిరిగి చూడటానికి ఒక జీవితకాలం సరిపోదు. పరిహారం ఆఖరి మాటగానే ఉండాలి.

ఇక ర్యాంపు వల్ల వచ్చే నష్టం కాంక్రీటు కప్పేసిన మేరకే ఉంటుందనుకోవద్దు. చాలామంది బోటుని ట్రైలర్ మీదికి ఎక్కించేటప్పుడు ఇంజను జోరు పెంచి తోస్తారు. ఆ ఫ్యాను విసురుకి ర్యాంపు చివర అడుగు గొయ్యిగా తవ్వుకుపోతుంది, లేచిన మట్టి పక్కనున్న గడ్డి మీద పడుతుంది. కొన్నాళ్లకి ట్రైలర్ చక్రం ఆ గోతిలో దిగబడుతుంది కూడా. అందుకే చివర రాళ్ల పేర్పుగానీ, ఒకదానికొకటి ముడేసిన కాంక్రీటు దిమ్మెల చాపగానీ డ్రాయింగులోనే చూపించండి. వాలు 12 నుంచి 15 శాతం మధ్య ఉంటే మంచిదన్నది ర్యాంపులు కట్టేవాళ్లందరికీ తెలిసిన లెక్క. వాలు మరీ తక్కువైతే బోటు తేలడానికి ర్యాంపుని ఇంకా లోపలికి, అంటే ఇంకా ఎక్కువ అడుగుని కప్పుతూ పొడిగించాల్సి వస్తుంది. ఆ లెక్క అనుమతి ఇచ్చేవాళ్లకీ తెలుసు.

ఇసుక నడక ఇంకో సంగతి. తెరిచిన తీరంలో అలలు ఇసుకని ఒడ్డు వెంట ఒక దిక్కుకి తీసుకుపోతుంటాయి. నేల మట్టానికి పైకి లేచిన ర్యాంపు, దాని పక్క గోడలు ఆ ఇసుకకి అడ్డం పడతాయి. ఒక పక్క మేట, రెండో పక్క కోత. కోత పడేది సాధారణంగా పొరుగువాళ్ల భూమే. కాబట్టి ర్యాంపుని వీలైనంతవరకు ఉన్న నేల మట్టానికి కలిపి ఉంచమని ఇంజనీరుకి చెప్పండి.

పార్కింగ్ గురించి విడిగా చెప్పాలి. ట్రైలర్‌తో సహా ఒక్కో బండికి సుమారు 40 అడుగుల పొడుగు కావాలి కాబట్టి విస్తీర్ణంలో పార్కింగు ముందు ర్యాంపు ఏపాటి? వానపడితే ఆ తారు మీది నూనె, టైర్ల పొడి, లోహాలు నేరుగా నీళ్లలోకి పోతాయి. వాన నీరు ముందు ఒక గడ్డి కాలువలోనో ఇంకుడు గుంటలోనో ఆగి వెళ్లే ఏర్పాటు ఉంటే మీ దరఖాస్తు బలం పెరుగుతుంది. ర్యాంపుకి ఇప్పుడు, పార్కింగుకి తర్వాత అంటూ ముక్కలు చేసి దరఖాస్తు పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. మొత్తం ప్రభావాన్ని ఒకేసారి చూపించాలన్నది చాలాచోట్ల మూలసూత్రం. ముక్కలు చేశారని తేలితే ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటనీ నమ్మరు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే దీపాలు కూడా చూడాలి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపుకి వెళ్తాయి, పార్కింగ్ లైట్లు వాటిని సముద్రానికి కాకుండా రోడ్డు మీదికి పిలుస్తాయి.

పని చేసే పద్ధతిని దరఖాస్తులో ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. పచ్చి సిమెంటు నీళ్లలో కలిస్తే నీటి క్షారత ఒక్కసారిగా పెరిగి చేపలు చస్తాయి. అందుకే నీటి కిందికి వచ్చే భాగానికి ఒడ్డునే పోసి బాగా ఆరిన పలకలని జార్చడం మేలు. లేదంటే చుట్టూ తాత్కాలిక కట్ట వేసి, నీళ్లు తోడేసి పోయాలి. మట్టి బయటికి పాకకుండా సిల్ట్ కర్టెన్, అంటే నీళ్లలో వేలాడే తెర, కడతారు. నీళ్లు ఎంత మసకబారొచ్చో కూడా పరిమితి ఉంటుంది. ఫ్లోరిడాలో చుట్టుపక్కల నీళ్ల కంటే 29 యూనిట్లకి మించి పెరగకూడదు, ప్రత్యేకంగా రక్షించిన నీళ్లలో అసలే పెరగకూడదు. అక్కడే మనాటీలు (నెమ్మదిగా ఈదే పెద్ద నీటి క్షీరదాలు) తిరిగే చోట, ఒక్క మనాటీ 50 అడుగుల లోపలికి వచ్చినా యంత్రాలన్నీ ఆపేయాలి. మీ తీరంలో అలాంటి జీవి ఏదో, అది ఏ నెలల్లో వస్తుందో ముందే తెలుసుకుని పని క్యాలెండరుని దానికి తగ్గట్టు మీరే రాసి ఇవ్వండి. వాళ్లు షరతు పెట్టేదాకా ఆగకండి.

ప్రజాభిప్రాయం అంటే చాలామందికి టెన్షన్. నాకు అది ఉపయోగపడిన సందర్భాలే ఎక్కువ. ఒకచోట ఆటు సమయంలో చిప్పలు ఏరుకునేవాళ్లు వచ్చి, ర్యాంపు కోసం మేం గీసిన గీత సరిగ్గా వాళ్లు రోజూ నడిచే దారి మీద పడిందని చెప్పారు. మా మ్యాపుల్లో ఆ దారి లేదు. గీతని పక్కకి జరిపాం, అభ్యంతరం అక్కడితో పోయింది. నోటీసు ఇచ్చే రోజు దాకా ఆగకుండా, ఆ నీళ్లని రోజూ వాడేవాళ్లతో ముందే కూర్చోండి.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఏమిటంటే, డ్రాయింగులు పక్కన పెట్టి అనుమతిచ్చే కార్యాలయంలో దరఖాస్తుకి ముందు సమావేశం అడగండి. చాలాచోట్ల ఈ వీలుంటుంది, వాడుకునేవాళ్లే తక్కువ. వెళ్లేటప్పుడు పోటు గీత గుర్తించిన మ్యాపు, లోతుల కొలతలు, మీరు చూసిన కనీసం రెండు మూడు ప్రత్యామ్నాయ స్థలాలు పట్టుకెళ్లండి. 'అసలు కట్టకపోతే ఏమవుతుంది', 'ఉన్న పాత ర్యాంపునే బాగుచేస్తే సరిపోదా' అన్న రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. వాటికి నిజాయితీగా జవాబు రాసుకుని వెళ్లండి. పాతదాన్ని బాగుచేయడమే సరైన జవాబైతే దాని అనుమతి చాలా తేలిక. ఈ సీజన్‌లో సర్వేకి ఇంకా నెలలు మిగిలి ఉంటే ముందు సర్వే చేసే మనిషిని మాట్లాడుకోండి, మిగతా కాగితాలు తర్వాత. మీ స్థలంలో ఆటు సమయంలో లోతు ఎంత ఉంటుందో, అడుగున ఇసుకో బురదో గడ్డో కింద రాయండి. దగ్గరి దారి దొరికేలా ఉందో లేదో అది చూసి చెప్తాను.