వల్లె వేయడం వేరు, చదవడం వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రాథమిక తరగతుల పిల్లల చదువు, రాతల గురించినవే. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి రెండో తరగతి చదువుతోంది. వర్ణమాల తడుముకోకుండా చెబుతుంది, గుణింతాలు పాటలాగా అప్పగిస్తుంది, పాఠ్యపుస్తకంలోని పాఠాలు గడగడా చదువుతుంది. కానీ కొత్త పుస్తకం ఇచ్చి చదవమంటే ఒక్క మాట కూడా పెగలదు. ఇది బద్ధకమా, భయమా? – ఒక తల్లి

జవాబు: రెండూ కాదండీ. మీ అమ్మాయికి అప్పగించడం వచ్చింది, చదవడం ఇంకా రాలేదు. ఈ రెండూ పైకి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పెద్దవాళ్లం మోసపోతాము. ఒకప్పుడు నా తరగతిలో ఒక అబ్బాయి పొల్లు పోకుండా పాఠం చదువుతూ పేజీ తిప్పడం మరచిపోయాడు. నోట వస్తున్న మాటలు తరువాతి పేజీలోవి, వేలు మాత్రం ముందు పేజీ చివరి వరుస మీదే ఉంది. అంతకుముందు రెండు నెలలుగా వాడికి చదువు వచ్చిందనే నేను అనుకుంటున్నాను.

మీరు ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. ఆమెకు బాగా వచ్చిన పాఠంలో ఒక వాక్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాట వైపు చదవమనండి. తరువాత అక్షరాలను వరుస తప్పించి, ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపుతూ అడగండి. చాలామంది పిల్లలు ‘ధ’ చూపితే ‘త, థ, ద’ అని లోలోపల పాడుకుని గానీ ‘ధ’ దగ్గరికి చేరరు. అక్షరం చూడగానే ధ్వని రావాలి. వరుస గుర్తు చేసుకుని వెతుక్కునే పిల్లకు మాట చివరికి వచ్చేసరికి మొదటి అక్షరం మరపుకు వస్తుంది.

ఎక్కడ ఆగుతోందో తెలిశాక అక్కడి నుంచే మొదలుపెట్టండి. అక్షరాలన్నీ వచ్చేదాకా మాటలు చదివించకూడదనే నియమం ఏదీ లేదు. వర్ణమాలలో 56 అక్షరాలు ఉన్నాయని చెప్పుకున్నా వాటిలో ఌ, ౡ వంటివి పిల్లల పాఠాల్లో కనిపించనే కనిపించవు. న, ప, మ, ల, క, త, డ, వ అనే 8 అక్షరాలు వస్తే చాలు, పలక, పడవ, కలప, నడక, మడత, తడక, వల, తల అనే మాటలన్నీ చదవవచ్చు. ఆ అక్షరాలను అట్టముక్కల మీద రాసి, రెండు మూడు పక్కపక్కన పేర్చి, విడివిడిగా కాక కలిపి పలకమనండి. ‘ప... ల... క’ అని మూడు ముక్కలుగా చెప్పి ఆగిపోయే పిల్ల, తాను పలికినది ‘పలక’ అని గుర్తించకపోవచ్చు. ఆమె నేర్చుకోవలసినది ఆ కలపడమే. తరువాత ఒక్క అక్షరం మార్చి చూపండి: పలక, నలక, చిలక, గిలక, మొలక. మారినది ఏదో, మారనిది ఏదో కంటికి కనబడుతుంది కనుక గుడి, ఒత్వం ఎందుకు ఉన్నాయో ఆ పిల్లకు విడిగా చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది.

ఒక్క సంగతి మాత్రం మరవకండి. హల్లులు 35 అనుకుని, ఒక్కొక్కదానికి 12 గుణింత రూపాలు లెక్క వేసినా 420 ఆకారాలు అవుతాయి, ఒత్తులు ఇంకా కలపనే లేదు. మన లిపిని పోలిన లిపి ఉన్న కన్నడంలో పిల్లల మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా, ఇంగ్లీషు అక్షరాలతో పోలిస్తే ఇలాంటి లిపి పూర్తిగా పట్టుబడటానికి ఎక్కువ కాలం పడుతుందని చూపింది. కాబట్టి రెండో తరగతిలో మీ అమ్మాయి వెనకబడిపోయిందని దిగులు పడవలసిన పని లేదు.

ప్రశ్న: నేను మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. గుణింతాలు వచ్చిన పిల్లలు కూడా ఒత్తులు వచ్చేసరికి తడబడుతున్నారు. ‘భక్తి’ అనే మాటను ముగ్గురు నలుగురు ‘భకిత’ అని చదివారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే తప్పు. – ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఆ పిల్లలు తప్పు చదివారు గానీ తెలివితక్కువగా చదవలేదు. ‘క్తి’లో గుడి ఎక్కడ ఉందో చూడండి: ‘క’ తల మీద ఉంది. ఇంతవరకూ మనం వాళ్లకు నేర్పినది, గుడి ఏ అక్షరం మీద ఉంటే ఆ అక్షరానికి ఇకారం చేర్చి పలకాలని. వాళ్లు అదే చేసి ‘కి’ అన్నారు, కింద మిగిలిన ఒత్తును ‘త’ అన్నారు. రాతలో గుడి పై అక్షరానికి చేరినా పలుకులో ఇకారం కింది ఒత్తు తరువాతనే వస్తుందన్న సంగతి మనకు అలవాటై ఎన్నో ఏళ్లు కావడం వల్ల చెప్పడం మరచిపోతాము.

అందువల్ల ద్విత్వాలతో మొదలుపెట్టండి. ‘అక్క, గద్ద, బొమ్మ, పువ్వు’ మాటలలో పైనా కిందా ఒకే అక్షరం కనుక ఈ చిక్కు బయటపడదు, పిల్లలకు ఒత్తి పలకడం మాత్రం అలవాటవుతుంది. ‘గద్ద’లో ద ఒత్తు తలకట్టు తీసేసిన ‘ద’ లాగే ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తమ అక్షరాలను అంతగా పోలవు కనుక వాటిని కొత్త అక్షరాలు నేర్పినట్టే విడిగా, రోజుకు ఒకటి చొప్పున నేర్పవలసి ఉంటుంది. ఆ తరువాతే సంయుక్తాక్షరాలు. అక్కడ నల్లబల్ల మీద మాటను పొల్లులతో విడదీసి రాయండి: భ, క్, తి. దాని కిందనే ‘భక్తి’ అని రాసి, ‘తి’ మీది గుడి ‘క’ మీదికి ఎక్కినట్టు రంగు సుద్దతో బాణం గీయండి. రాత్రి, శక్తి, పుస్తకం, కల్పన అనే మాటలను ఇలాగే పిల్లల చేతనే విడదీయించి, వాళ్ల చేతనే కలిపించండి. ‘రాతిర’ అన్నవాడే తన తప్పు తానే పట్టుకుంటాడు.

ఇంకొక మాట. పిల్ల తప్పు చదవగానే సరైన మాట మీరే చెప్పేస్తే ఆమె మీ నోటి నుంచి విని నేర్చుకుంటుంది తప్ప అచ్చు నుంచి కాదు. ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగండి. నాకు కూడా ఇది ఎంతో కష్టంగానే ఉండేది.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. ఏ పుస్తకమైనా ఆగకుండా చదువుతాడు. చదివినదాంట్లో ఏముందని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు. – ఒక తండ్రి

జవాబు: ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను మాటలుగా మార్చుకోగలగడం ఒకటి, విన్న మాటను అర్థం చేసుకోగలగడం రెండోది. ఈ రెండింటినీ హెచ్చిస్తే వచ్చేది చదువు. కూడిక కాదు కనుక ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే. మీ అబ్బాయిలో తక్కువైనది మొదటిదో రెండోదో తేల్చుకోవాలంటే, అదే పుటను మీరు చదివి వినిపించి ప్రశ్నలు అడగండి.

విన్నప్పుడు చక్కగా చెప్పగలిగితే, అతని శక్తి అంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే ఖర్చవుతోందన్న మాట. ఆగకుండా చదువుతున్నాడని మీరు అంటున్నా, మాట మాటకూ మధ్య సమానమైన విరామం ఇస్తూ, ప్రశ్నార్థకం దగ్గర కూడా గొంతు మారకుండా చదువుతున్నాడేమో గమనించండి. అలా అయితే 50 నుంచి 200 మాటల చిన్న భాగాన్ని తీసుకుని, అర్థానికి తగినట్టు చదవడం వచ్చేదాకా మూడు నాలుగు సార్లు చదివించండి. శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లో వివరించిన ఈ పునఃపఠన పద్ధతిని వల్లె వేయడంతో పోల్చి కొట్టిపారేయకండి. ప్రతిసారీ కన్ను అచ్చు మీద ఉండాలి, భాగం పట్టుబడగానే మరొకదానికి మారాలి.

విన్నా చెప్పలేకపోతే లోపం చదువులో కాదు, మాటల సంపదలో ఉంది. ఇంట్లో మనం మాట్లాడే మాటలు వేరు, పుస్తకంలో ఉండేవి వేరు. ‘పయనమయ్యాడు’, ‘విస్మయం చెందాడు’ అన్న చోట పిల్లవాడు ఆగడు, అడగడు, జారుకుంటాడు. దీనికి మందు, మీరు రోజూ కాసేపు చదివి వినిపించడం. నాలుగో తరగతి వచ్చాడు కదా, ఇక తానే చదువుకుంటాడని చాలా ఇళ్లలో ఈ పని మానేస్తారు, మానవలసిన వయసు అది కాదు. మధ్యలో ఆపి ‘ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నావు? ఎందుకలా అనుకుంటున్నావు?’ అని అడగండి. ‘కథానాయకుడి పేరేమిటి’ వంటి ప్రశ్నలకు అర్థం కాకపోయినా జవాబు దొరుకుతుంది కాబట్టి వాటి వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు.

ప్రశ్న: దస్తూరి బాగుపడాలని మా మనవడి చేత రోజూ ఐదు పుటలు చూచిరాత రాయిస్తున్నాము. దస్తూరి బాగుపడకపోగా పిల్లవాడు పుస్తకం చూస్తేనే ఏడుస్తున్నాడు. తప్పులు కూడా అలాగే ఉన్నాయి. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే రాయలేడు. – ఒక తాతగారు

జవాబు: ఐదు పుటలు ఆపేయండి, నాలుగు వరుసలు చాలు. మొదటి పుటలో వాడి రాతను, ఐదో పుటలో వాడి రాతను పక్కపక్కన పెట్టి చూడండి; ఐదోదే అధ్వానంగా ఉంటుంది. అలసిన చేయి చెడ్డ రాతను సాధన చేస్తోందన్న మాట. ఆ నాలుగు వరుసలు రాసేటప్పుడు మీరు పక్కన కూర్చుని, అక్షరం ఎటు నుంచి మొదలై ఎటు తిరుగుతోందో చూడండి. ‘వు’ రాసేటప్పుడు కొమ్మును కింది నుంచి తిప్పకుండా పక్కన తగిలిస్తే అది ‘మ’ అవుతుంది. ‘పావురం’ కాస్తా ‘పామరం’ అవుతుంది. ఈ తప్పు పూర్తయిన పుటలో అచ్చుతప్పులా కనిపిస్తుంది, పక్కన కూర్చుంటే చేతి తిరుగుడులో కనిపిస్తుంది.

చూచిరాతలో మాటను అక్షరం అక్షరంగా మోసుకొస్తాడు కాబట్టి అది గుర్తుండదు. మాటను చూడమని, పైకి పలకమని, మూసేయమని, తలచుకుని రాయమని, తెరిచి తానే సరిచూసుకోమని చెప్పండి. రోజుకు ఐదారు మాటలు ఇలా రాస్తే చాలు.

ఇక సొంతంగా రాయడం వేరే విద్య. ముందు చెప్పించండి, తరువాత రాయించండి. ఒక బాబు ఇలా రాశాడు: ‘నాకు మా కుక్క అంటే ఇస్టం. అది నేను బడి నుంచి రాగానె ఎగురుతది.’ ఎర్ర సిరాతో మూడు సున్నలు చుట్టవలసినట్టు కనిపించే ఈ వాక్యాల్లో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ‘రాగానె’ అన్నది చెవికి దొరికే తప్పు. పైకి చదవమంటే చివర సాగుతోందని తానే వింటాడు. ‘ఇస్టం’ చెవికి దొరకదు, చాలామంది నోట అది అలాగే వినబడుతుంది కనుక ‘ఇష్టం, కష్టం, నష్టం’ అని కలిపి చూపి కంటికి అలవాటు చేయాలి. ‘ఎగురుతది’ తప్పే కాదు, అది వాడి ఇంటి మాట. పుస్తకంలో దాన్ని ‘ఎగురుతుంది’ అని రాస్తారని ఎప్పుడో ఒకసారి చెబితే సరిపోతుంది. అన్నిటికంటే ముందు మీరు అడగవలసినది, ‘ఎంత ఎత్తు ఎగురుతుంది రా?’ అని. ఆ జవాబే వాడి మూడో వాక్యం.

ప్రశ్న: మొదటి తరగతి చదువుతున్న మా పాప కొన్ని అక్షరాలను తిరగేసి రాస్తోంది. డిస్లెక్సియా (చదవడం, రాయడం పట్టుబడని అభ్యసన వైకల్యం) ఏమోనని భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: రాత నేర్చుకునే తొలి రోజుల్లో అక్షరాలు తిరగేయడం చాలామంది పిల్లల్లో కనిపించేదే, ఆ ఒక్క లక్షణంతో ఏదీ తేల్చలేము. ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. ఒకటికి రెండేళ్లు ఓపికగా, క్రమంగా నేర్పినా అక్షరానికీ ధ్వనికీ ముడి పడకపోతే, మాటను ధ్వనులుగా విడగొట్టలేకపోతే, లేదా ఇంట్లో మరెవరికైనా చదువులో ఇలాంటి ఇబ్బంది ఉండి ఉంటే, అభ్యసన వైకల్యాలను పరీక్షించే నిపుణులను సంప్రదించడంలో ఆలస్యం చేయకండి. ఈలోగా తరగతిలో అందరి ముందు నిలబెట్టి పైకి చదివించవద్దని ఆమె ఉపాధ్యాయులను కోరండి.