అద్దం తప్పా, ఎంపిక తప్పా?

ప్రశ్న: నా వయసు 46. డాక్టర్ చీటీ ప్రకారం దూరపు చూపుకు సింగిల్ విజన్ అద్దాలు చేయించుకున్నాను. కుడి కంటికి మైనస్ 2.50, సిలిండర్ మైనస్ 1.50, యాక్సిస్ 180. పెట్టుకుంటే తలనొప్పి, గుమ్మాలు ఒరిగినట్టు కనిపిస్తాయి. పుస్తకమూ మసకే. దుకాణంలో ‘అలవాటు పడాలి’ అన్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర. ఆ అద్దాన్ని వేరేచోట కొలిపిస్తే యాక్సిస్ 150 అని తేలింది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ మీరు రెండు ఫిర్యాదులను ఒకే మూట కట్టారు.

పుస్తకం సంగతి వదిలేయండి. సింగిల్ విజన్ అద్దానికి అంతటా ఒకటే పవర్. దూరానికి చేసినది దూరానికే. మీ వయసుకు చత్వారం సహజం. చదువుకు విడి అద్దాలో, బైఫోకలో కావాలి. చీటీలో దగ్గరి చూపు పవర్ ఉండి, మీరు రెండూ అడిగి ఉంటే తప్ప అది దుకాణం తప్పు కాదు. ఫిర్యాదులో రాస్తే ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటారు.

మీ బలమంతా యాక్సిస్‌లో ఉంది. ఒక దిక్కున మాత్రమే ఉండే చూపు దోషాన్ని సరిదిద్దే పవర్ సిలిండర్; అది ఏ కోణంలో కూర్చోవాలో చెప్పే అంకె యాక్సిస్. 30 డిగ్రీలు తప్పితే, అద్దం లేనప్పుడు ఎంత సిలిండర్ దోషం ఉందో అంతే మిగులుతుంది, మరో దిక్కున. దానికి అలవాటు పడమనడం విడ్డూరం! చీటీకీ అద్దానికీ పొంతన లేకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద లోపమే. ఆ ముద్ర మిమ్మల్ని ఆపలేదు: లోపమున్న సరుకును బిల్లులోని గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి.

కొలత నోటిమాటగా ఉంటే నిలవదు. అద్దం పవర్‌ను కొలిచే లెన్సోమీటర్ రీడింగును తేదీ, సంతకంతో రాయించుకోండి. అద్దాన్ని ఫ్రేములోంచి మాత్రం తీయించకండి. గుండ్రటి ఫ్రేములో అద్దం కాస్త తిరిగినా యాక్సిస్ మారుతుంది, నింద మీ మీదికే వస్తుంది. అవసరమైతే వినియోగదారుల కమిషనే పరీక్షకు పంపుతుంది.

ముందు అద్దం మార్చి ఇవ్వమని దుకాణానికి రాతపూర్వకంగా అడగండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపై మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు కొన్న తేదీ రాయలేదు. 30 రోజులు దాటకపోతే ఉత్తరం రేపే పంపండి.