విమానం నడిపే పైలట్ల దగ్గర తుపాకీ ఉండాలా?

అమెరికాలో ఇప్పటికే ఉంటోంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో చేసిన చట్టంతో అక్కడ పైలట్లకు ఈ అనుమతి వచ్చింది. తొలి బృందం 2003 ఏప్రిల్‌లో శిక్షణ పూర్తి చేసుకుంది. ఇది బలవంతం కాదు, ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లకే. ఆ తుపాకీ కూడా కాక్‌పిట్‌ను, అంటే పైలట్లు కూర్చునే గదిని, కాపాడుకోవడానికే తప్ప, ప్రయాణికుల మధ్య గొడవ ఆపడానికి కాదు.

ఒక్క బుల్లెట్ తగిలితే విమానం పేలిపోతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. క్యాబిన్‌లోకి గాలి నిరంతరం వస్తూనే ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం వల్ల పీడనం ఒక్కసారిగా పడిపోదు. 2008 మార్చిలో అమెరికాలోని షార్లెట్ నగరం దగ్గర దిగబోతున్న యూఎస్ ఎయిర్‌వేస్ విమానంలో పైలట్ పిస్టల్ పొరపాటున పేలి, తూటా విమానం గోడను చీల్చుకుని బయటికి పోయింది. విమానం క్షేమంగా దిగింది. కానీ అదే తూటా పక్క పైలట్‌కో, ముఖ్యమైన పరికరానికో తగిలి ఉంటే? నన్ను కలవరపెట్టేది ఇదే.

అందుకే నా ఓటు తుపాకీకి కాదు, తలుపుకి. ఆ దాడుల తర్వాత వచ్చిన, తూటాలను తట్టుకునే కాక్‌పిట్ తలుపే అసలు రక్షణ. అయితే 2015లో జర్మన్‌వింగ్స్ అనే జర్మనీ విమాన సంస్థ కో-పైలట్ అలాంటి తలుపునే లోపల నుంచి బిగించుకుని విమానాన్ని కొండకు ఢీకొట్టి, తనతో కలిపి 150 మంది ప్రాణాలు తీశాడు. ప్రమాదం లోపలే ఉన్నప్పుడు పైలట్ చేతిలోని తుపాకీ ఎవరిని కాపాడుతుంది? మన దేశంలో 1999 కాందహార్ హైజాక్ తర్వాత తెచ్చిన స్కై మార్షల్స్ (విమానంలో ఆయుధంతో ప్రయాణించే భద్రతా సిబ్బంది) పద్ధతే నాకు మెరుగనిపిస్తుంది. విమానం నడిపేవాళ్లు వేరు, ఆయుధం పట్టేవాళ్లు వేరు.